పోలిరాజు గొంతుతో రెండో భాగం

మధ్యాహ్నమే అయినా దువ్వాడ మీద మబ్బు కమ్మేసి ఇల్లంతా చీకటైంది. లైటు వేసుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చుని, ఆట రెండో భాగం సరిచూసుకుంటున్నాను.

మొదటి భాగం మాది కాదు. ఎప్పుడో వచ్చిన పాత నవ్వుల కంప్యూటర్ ఆట. ఒక తింగరి ఓడదొంగ పడవెక్కి ఎటో పోతుండగా కథ ఆగిపోతుంది. మిగతాది ఎవరూ తీయలేదు. నేనూ పోలిరాజూ కాలేజీలో ఉండగానే ఆ దొంగని తెచ్చి విశాఖ ఫిషింగ్ హార్బర్లో దింపేశాం. మాటలు పోలిరాజువే, గొంతూ వాడిదే. జాలరి ఇంటి పిల్లాడు, వాడి యాసకే సగం నవ్వొచ్చేది.

కిందటేడు వేటకెళ్ళిన వాడి పడవ తిరగబడింది. శవం దొరకలేదు. అందుకే వాళ్ళమ్మ గంగాలమ్మ దినం చెయ్యనివ్వలేదు. ఆ గొంతు ఆటలో పెట్టుకుంటానంటే ఒక్కటే మాట అంది. "ఎట్టుకో బాబూ. ఆటలోనైనా మావోడ్ని నీట్లో ముంచకు."

సరేనన్నాను. ముంచాను. ఏం చెయ్యను, చూసిన ప్రతివాడూ అక్కడే పగలబడి నవ్వాడు. రేపు పోటీకి పంపాలి. 'దూకు' అని నొక్కితే ఓడదొంగ బుడుంగున మునిగి, "బావా, నీరు సల్లగుంది, నువ్వూ రా" అంటాడు. నీళ్ళ చప్పుడు సరిగ్గా కుదరక పొద్దుట్నుంచీ వాణ్ణి ముంచుతూనే ఉన్నాను. సిగ్గుగానే ఉంది. అయినా నొక్కుతున్నాను.

ఈసారి దూకలేదు. పడవ అంచున నిలబడి నా వైపు తిరిగాడు. గదిలో ఉప్పునీటి వాసన... కిటికీలన్నీ వేసే ఉన్నాయి.

"మల్లీనా, బావా?"

గుసగుసగా అన్నాడు. ఆ మాట మేమెప్పుడూ రికార్డు చెయ్యలేదు. ఆ సీన్ మొత్తం తీసిపారేసి, ఒడ్డు మీద నొక్కాను. వాడు పడవ దిగాడు. ఇసుకలో నడిచాడు. తెర అంచు దాటి వెళ్ళిపోయాడు... అటువైపు మేం ఏమీ గీయలేదు.

ఫోన్ మోగింది. గంగాలమ్మ.

"బాబూ..." ఆవిడ గొంతు సంతోషంతో వణుకుతోంది. "పొద్దుట్నుంచీ గుమ్మం కాడ తడి అడుగులు. తుడిత్తే మల్లీ వత్తన్నాయి. ఇప్పుడు మావోడే వచ్చినాడు."

"మొహం చూశావా అమ్మా?"

"సీకటిగా ఉంది. ఒల్లంతా తడే. మాటాడ్డు. నీకు ఫోన్ సెయ్యమని సైగ సేసినాడు. ఉండు, ఇత్తన్నాను."

వద్దమ్మా, బయటికి వచ్చెయ్ అనాలి. ఆ ఇంట్లోకి ఏది వచ్చిందో, దాన్ని పంపింది నేనే. కానీ ఏడాదిగా ఆవిడ ఇంత సంతోషంగా మాట్లాడగా వినలేదు.

ఫోన్ చేయి మారింది. బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతున్న చప్పుడు... ఊపిరి మాత్రం వినిపించలేదు.

దూరం నుంచి గంగాలమ్మ బతిమాలుతోంది.

"మాటాడు నాన్నా. నీ నేస్తమే."