ఆదివారం నా కోసం

చంద్రి మెట్లెక్కి వచ్చేసరికి గ్రేస్ టిఫిన్ డబ్బా మూత తీసి మురిసిపోతోంది. పెళ్లయి రెండు నెలలు కూడా కాలేదు. పొద్దున్నే లేచి భర్త యోసేపు కట్టిన డబ్బా అది. కోడిగుడ్డు వేపుడు మీద కొత్తిమీర కూడా చల్లాడు. ఇంతలో చంద్రి గుమ్మం దగ్గరే వెక్కి ఏడ్చింది.

"సరోజనక్క మీరేనా? నా బతుకు బజార్ల పడ్డదక్కా."

భూపాలపల్లి బస్టాండు ఎదుట, మేడ మీది రెండు గదుల్లో ప్రైవేటు డిటెక్టివ్ సరోజన ఆఫీసు. ఆమె ఏడుపు ఆపమనదు, ఓదార్చదు. నీళ్ల గ్లాసు ముందుకు జరిపి ఎదురుచూస్తుంది. గ్రేస్ ఆమె దగ్గర సహాయకురాలిగా చేరింది ఆ ఓపిక చూసే.

చంద్రికి గని కార్మికుల క్వార్టర్ల ముందు బ్యూటీ పార్లర్ ఉంది. నిన్న ఆదివారం కళ్యాణి ముఖానికి ప్యాక్ వేసింది.

"పసుపు, శనగపిండి, రోజ్ వాటర్. ఆమె ముంగటనే కలిపిన. పూసిన జరసేపటికే ముఖమంత ఎర్రగైంది. రక్తం అనుకున్నం. కడిగేసరికి బొబ్బలు. నేను యాసిడ్ కలిపిన్నని ఆమె పెనిమిటి దేవేందర్ ఫోన్ల అందరికీ పంపిండు. రేపు పోలీసు కంప్లైంట్ ఇస్తడంట. తండ నుంచి వచ్చి పెట్టుకున్న దుకాణమక్కా. ఇగ నా కుర్చీల ఎవలు కూసుంటరు?"

"ప్యాక్ కలిపిన గిన్నె కడిగినవా?"

"చేతులు ఆడితే గద కడిగేది." చంద్రి సంచిలోంచి గిన్నె తీసింది.

అంచున ఎండిపోయిన పిండిని సరోజన గోటితో గీకి చూసింది. "గ్రేసూ, ఏం రంగు?"

"పసుపే."

"మంచిది. పోదాం పద."

కళ్యాణి ఎవరో గ్రేస్‌కు బాగా తెలుసు, ఫొటోల్లో. క్వార్టర్ల ఆడవాళ్లకు 'ఆదివారం నా కోసం' అని ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఆ రోజు ఎవరికి వాళ్లు ముఖం, జుట్టు, పాదాలు చూసుకుని ఫొటో పెట్టాలి. అందరికన్నా ముందు పెట్టేది కళ్యాణి. అదే ఫొటో ఇన్‌స్టాలోనూ పెడితే, కిందటి వారం యోసేపు దానికి గుండె గుర్తు నొక్కాడు. ఏదో చెయ్యి తగిలిందన్నాడు. అప్పటినుంచి ఆ గుండె గ్రేస్ గుండెలో ముల్లయింది. కళ్యాణి ముఖం కాలిందని విన్నప్పుడు ఆమెకు ముందుగా అయ్యో అనిపించలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకుంది.

క్వార్టర్‌లో కళ్యాణి ముఖం చుట్టూ చున్నీ కప్పుకుని కూర్చుంది. దేవేందర్ నిలబడే మాట్లాడాడు.

"అడిగేదేముంది మేడం? ఆమె దుకాణంల కాలింది, ఆమెనే చేసింది."

"నీ భార్యతోని మాట్లాడొచ్చా తమ్మీ?" అని సరోజన కళ్యాణి వైపు తిరిగింది. "పార్లర్‌కు పోయేముందు ముఖానికి ఏమన్న పెట్టినవా?"

"రోజు పెట్టే క్రీమే. నిన్న జర మండింది."

"మండితే కడగలే?"

"మండితేనే పనిచేస్తున్నట్టని గ్రూపుల అందరంటరు. ఓర్చుకున్న." కళ్యాణి గొంతు తగ్గింది. "ఒక్క ఆదివారం ఫొటో పెట్టకుంటే, ఏమైంది, నిన్ను నువ్వు పట్టించుకుంటలేవా అని అడుగుతరు. ఈయన కూడ అడుగుతడు."

మూల మంచం మీద అత్త యాదమ్మ తమలపాకు తుడుస్తూ గొణుగుతోంది. "మోకాళ్లు లేవయి, లేచి ఎతుకుదామంటే. మొన్ననే నింపిచ్చిన సున్నం డబ్బ ఎవలో ఊడ్చిన్రు."

చాయ్‌కి సాయం చేద్దామని గ్రేస్ వంటింట్లోకి వెళ్లింది. కళ్యాణి తోటికోడలు కల్పన పొయ్యి ముందు చెమటలు కక్కుతోంది. పక్కన పోపుల పెట్టె తెరిచి ఉంది. పసుపు గిన్నెలో అక్కడక్కడ ఎర్రని ఉండలు. కారం పడ్డట్టుందని గ్రేస్ అనుకుంది.

"నేను పొయ్యనా అక్కా?"

"వద్దు బిడ్డా. ఈ వంటింట్ల నాది తప్ప ఎవల కాలు పడది. పన్నెండేండ్ల సంది గిన్నెలకు నా చెయ్యే అలవాటైంది."

బయటికి వచ్చాక గ్రేస్ తాను చూసిందంతా చెప్పింది, కారంతో సహా. సరోజన నడక ఆపి, "కారమైతే అట్ల ఉండ కట్టదు గ్రేసూ" అంది. అంతకుమించి చెప్పలేదు.

సాయంత్రం సరోజన కళ్యాణి ఇంట్లోనే అందరినీ కూర్చోబెట్టింది. చంద్రి మాత్రం గడప దగ్గరే నిలబడింది.

"యాసిడ్ అన్నది తప్పు. పసుపు యాసిడ్‌తోని ఎర్రబడది," అంటూ సరోజన సాసర్‌లో చిటికెడు పసుపు వేసి, కళ్యాణి క్రీమ్ కొంచెం కలిపింది. చూస్తుండగానే అది ఎర్రబడింది.

"పారాణి," అంది యాదమ్మ. "పసుపుల సున్నం కలిస్తేనే గిట్ల ఎర్రగైతది. ఆ క్రీమ్‌ల సున్నముంది."

"అవునవ్వా. చంద్రి గిన్నెల సున్నం ఉంటే ప్యాక్ గిన్నెలనే ఎర్రబడేది. గిన్నెల పసుపు పసుపు లెక్కనే ఉంది, ముఖం మీదనే మారింది. అంటే సున్నం ముందే ముఖం మీదుంది. అది ఈ ఇంట్లనే క్రీమ్‌ల కలిసింది. కలిపినవాళ్లు ఆ సున్నం వేళ్లతోనే పోపుల పెట్టెల పసుపు ముట్టిన్రు. అందుకే ఆ పసుపుల ఎర్ర ఉండలు. అవ్వ మంచం దిగదు. ఆ వంటింట్ల ఒక్క మనిషి చెయ్యే ఆడుతది."

గ్రేస్ కల్పన వైపు చూసింది. కల్పన తల దించుకోలేదు.

"నేనే కలిపిన. కండ్లు పోవాలనుకోలే, బొబ్బలు రావాలనుకోలే. జర ఎర్రబడితే ఒక్క ఆదివారం ఇంట్ల ఉంటదనుకున్న." ఆమె కళ్యాణి వైపు తిరిగింది. "పోయిన నెల నేను గూడ ఒక ఫొటో పెట్టిన. ఉల్లిగడ్డలు కోసుకుంట. అక్కా, నిన్ను నువ్వు జర చూసుకో అని రాసిన్రు. నువ్వు నవ్వు బొమ్మ పెట్టినవ్. నీ ఆదివారం నీ కోసం. ఆ పూట నీ పిల్లగాన్ని, మన అత్తను, గీ పొయ్యిని చూసుకున్నది ఎవలు? నా కోసం ఏ వారం ఉన్నదే?"

గ్రేస్‌కు ఆ మాటల్లోని కుళ్లు కొత్తగా అనిపించలేదు. అది తన లోపలిదే, కాకపోతే పన్నెండేళ్లు పొయ్యి మీద కాగింది.

దేవేందర్ సరోజన వైపు తిరిగాడు. "ఇంట్ల సంగతి ఇంట్లనే ఉండనియ్యిండ్రి మేడం. చంద్రి మీద కంప్లైంట్ ఇయ్యను, సరేనా."

"మరి నువ్వు ఊరంత పంపిన మాట?" అంది సరోజన. "దాన్నెవలు తుడుస్తరు? కల్పన మీద కేసు పెట్టుడు, పెట్టకపోవుడు నీ భార్య ఇష్టం. చంద్రి మాత్రం ఈ నింద నుంచి ఇయ్యాల్నే బయటపడాలె."

గడప దగ్గర చంద్రి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

కళ్యాణి చున్నీ విప్పింది. రెండు బుగ్గల మీద బొబ్బలు, వాచిన పెదవి. అలాగే ఫోన్ ఎత్తి ఫొటో తీసుకుంది. తుడుపులు, మెరుపులు ఏమీ దిద్దకుండా గ్రూపులో పెట్టి, కింద రాసి పైకి చదివింది. "చంద్రి తప్పు లేదు. నేను ఇంట్ల పెట్టుకున్న క్రీమే చెడ్డది. నా ముఖం మానినంక మళ్ల ఆమె దగ్గరికే పోత." తర్వాత ఫోన్ భర్త చేతిలో పెట్టింది. "నువ్వు ఎందరికి పంపినవో, అందరికీ ఇది పంపు."

దేవేందర్ ఒక్కొక్క పేరే నొక్కడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. మధ్యలో చంద్రి ఫోన్ మోగింది. గుడిదగ్గరి క్వార్టర్ల ఆమె, రేపు ఎన్నింటికి రావాలని అడుగుతోంది. చంద్రి "పొద్దుగాల్నే రా అక్కా" అంది. ఆ మాట అన్నాకే గడప దాటి లోపలికి వచ్చి కూర్చుంది.

కల్పన అందరి వెనక నుంచి తొంగి ఫోన్‌లోని ఫొటోను చూసింది. బొబ్బలు కట్టిన ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది.

"గీ ఫొటోల గూడ నువ్వే మంచిగున్నవ్," అంది.