మల్లీశ్వరి నడక

ఆ ఉదయం ఓబులమ్మ రాగి సంకటి కెలికి, ఊరుబిండి పచ్చడి నూరి, కోడలి గదిలోకి తొంగి చూసేసరికి మంచం ఖాళీగా ఉంది. ఏడు నెలలుగా ఆ మంచం మీదే గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మల్లీశ్వరి. ఓబులమ్మ పెరటి బావి దగ్గరకు పరుగెత్తింది. అది ఎండిపోయి నాలుగేళ్లయింది. అయినా లోతు లోతే.

ఎద్దులకు మేత వేస్తున్న కొడుకు వెంకటరాముడు తలెత్తి చూశాడు. "ఏంటికమ్మా ఆ పరుగు? మల్లి నడిచేదానికి పోయింది. మాత్రలతో పాటు దినామూ అరగంట నడవమని అనంతపురం డాక్టరమ్మ చెప్పలేదా?"

"ఒక్కదాన్నే పంపినావా?"

"నేనొస్తానంటే వద్దనింది."

ఓబులమ్మ అక్కడే గట్టు మీద కూలబడింది. పోయిన కార్తీకంలో మల్లీశ్వరికి ఆడబిడ్డ పుట్టి, ఒక్క పూట బతికి కన్నుమూసింది. తల్లి మత్తులో ఉండగానే పూడ్చి వచ్చారు. ఆనాటి నుంచి ఓబులమ్మ కోడలిని పుల్ల ఎత్తి పెట్టనివ్వలేదు. మంచినీళ్లు కూడా మంచం దగ్గరకే తెచ్చి ఇచ్చేది. బిడ్డ మాట ఎవరూ ఎత్తవద్దని ఇంటికొచ్చిన వాళ్లకంతా ముందే చెప్పి పంపేది.

మొదటి వారం మల్లీశ్వరి ఊరి చివరి దాకా పోవడానికే ఆయాసపడింది. మధ్యలో రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు మళ్లీ లేచింది. మూడు వారాలు అలా గడిచాక, కొళాయి దగ్గర పక్కింటి చిన్నక్క అననే అంది.

"ఏమక్కా, మీ కోడలు పనీ పాటా లేకుండా కళ్యాణదుర్గం రోడ్డెంబడి తిరుగుతాండాదంట?"

మరునాడు తెల్లవారగానే ఓబులమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది.

"ఈపొద్దు పోవద్దు. పండుకో. అన్నీ నేను చేస్తాండా కదా."

"పండుకోలేను అత్తా."

"నిన్ను ఒక్క మాటన్నానా మల్లీ? నా తొలి బిడ్డ పోయినప్పుడు మా అత్త పదకొండో దినమే కలుపు తీయను తోలింది. సేన్లో చాళ్ల మధ్య పడి ఏడ్చినా. నా కోడలికి ఆ గతి పట్టకూడదని నేను..."



"నువ్వు ఏడ్చినావు కదత్తా," అంది మెల్లగా. "నాకు ఏడుపు కూడా రాలే. ఆ మంచంలో పండుకుంటే గోడకూ నాకూ తేడా తెలీదు. నడిస్తే కాళ్లు నొస్తాయి. ఆ నొప్పితోనే, నేనింకా ఉండానని తెలుస్తాండాది. నిన్న ఆకలేసింది అత్తా. ఎన్ని దినాలకో."

ఏడు నెలల్లో కోడలు ఇన్ని మాటలు కలిపి మాట్లాడింది లేదు. తాను ప్రేమ అనుకుని ఈ పిల్ల చుట్టూ ఏం కట్టిందో ఓబులమ్మకు అప్పుడు తెలిసింది. పక్కకు జరిగి, చూరు కింద చెప్పులు వెతుక్కుంది.

"పా. నేనూ వస్తా."

ఇద్దరూ ఊరు దాటారు. రోడ్డుకు రెండువైపులా ఎర్రనేలలో వేరుశనగ అప్పుడే రెండాకులు వేస్తోంది. ఓబులమ్మ మోకాళ్ల కోసం మల్లీశ్వరి నడక తగ్గించింది. కొంత దూరం పోయాక ముందుకే చూస్తూ అడిగింది.

"బిడ్డ ఎట్లుండె అత్తా?"

ఓబులమ్మ ఇన్ని నెలలుగా అందరి నోళ్లూ మూయించింది ఈ ప్రశ్న రాకూడదనే. ఆ బిడ్డను కడదాకా ఎత్తుకున్నది తానే. తల్లికి చూపించకుండా తీసుకుపోదామన్నదీ తానే.

"తలనిండా వెంట్రుకలుండె," అంది. "చెవులు మీ నాయనవే. నా వేలు పట్టుకునింది మల్లీ. బతికినంతసేపూ ఇడిచిపెట్టలే."

మల్లీశ్వరి రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ గట్టు మీద కూర్చుండిపోయింది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత ఏడుపు బయటికి వచ్చింది, ఏడు నెలలదీ ఒక్కసారిగా. ఓబులమ్మ పక్కన కూర్చుని ఆమె తలను ఒడిలోకి తీసుకుంది.

"నీకు చూపియ్యాల్సింది. తప్పు చేసినా తల్లీ."

ఒక గొర్రెల మంద వాళ్లను దాటిపోయింది. ఎవరు చూస్తున్నారోనని ఓబులమ్మ తల కూడా ఎత్తలేదు. ఎండ వీపు మీదికి వచ్చాక మల్లీశ్వరి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. అత్తకు చేయి అందించింది.

"ఇంకొంచెం దూరం పోదామత్తా," అంది. "పాపను గురించి ఇంకా చెప్పు."