ఒంటి పోగులు

"యాడ నా డీఎన్ఏ? ఒక్క పోగన్నా మిగల్లేదే! ఏం జేసినారప్పా మీరు?"

గోదా అరుపుకి, ల్యాబ్‌లో కొత్తగా చేరిన మునిశేఖర్ బిత్తరపోయాడు.

"పలక డబ్బా మూత మీద ఎర్ర చుక్క ఉండాది గదా మేడం! జంటలు కట్టేసినారనుకోని ఎంజైమ్ పోసేసినాను."

ఆ చుక్క, జంటలు కట్టాక గుర్తుగా పెట్టే మార్కర్‌ది కాదు. శుక్రవారం కదా అని గోదాయే తిరుచానూరు అమ్మవారి కుంకుమ పెట్టింది! ఇంకెవరిని తిడుతుంది? నవ్వేసింది.

బంగారు పూత పూసిన గాజుపలక మీద డీఎన్ఏ పోగులు నాటి, వాటితో లెక్కలు చేయించడం ఆమె పరిశోధన. ఒక్కో పోగూ ఒక్కో జవాబు. సరైనవాటికి జోడీ పోగు తగిలించి ఎంజైమ్ పోస్తే, అది ఒంటి పోగులన్నిటినీ తినేస్తుంది. మిగిలిందే అసలు జవాబు.

"అన్యాయం మేడం! పెండ్లి కానోళ్లనంతా మింగేస్తాదా?"

"మింగుతుంది. మీరు జాగ్రత్తగా ఉండండి."

అంతలోనే మునిశేఖర్‌కి నాయుడుపేట మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పలక మళ్లీ చేసిచ్చాకే చేరతానన్నాడు. రోజూ సాయంత్రం ఆ పని మీద ఆగి, ఆమెతోపాటే ల్యాబ్ బయట టిఫిన్ తినేవాడు. అన్నాళ్లూ హాస్టల్ మెస్‌లో గోడకేసి కూర్చుని, ఫోన్ చూస్తూ తిన్న గోదాకి, ఎదురుగా మనిషుంటే చల్లారిన ఉప్మా కూడా రుచిగా ఉంటుందని అప్పుడే తెలిసింది. అతను రాని ఆదివారాలు మాత్రం ఎంతకీ గడిచేవి కావు.

కొత్త పలక తయారైంది. బయట వాన. జోడీ పోగులు ఇంకా ఐస్‌లోనే ఉన్నాయి. గోదా పిపెట్‌లోకి ఎంజైమ్ తీసుకుని పలక మీదికి వంగింది.

"మేడం! ఇంకా జంటలు కట్టలేదు!"

"తెలుసు."

"పోసినారంటే అంతా పోతాదే!"

"పోనీండి. మళ్లీ చెయ్యాలంటే మీరుంటారు కదా."

అనేశాక, ఇన్ని రోజుల కష్టాన్నీ ఒక్క చుక్కతో ముంచడానికి సిద్ధపడ్డానా అని తనకే భయమేసింది. మళ్లీ ఒంటరిగా ఉండటం తలుచుకుంటే అంతకన్నా భయమేసింది.

మునిశేఖర్ ఆమె చేతిలోంచి మెల్లగా పిపెట్ తీసుకున్నాడు.

"ఉండమని ఒక్క మాటంటే ఉండేవాణ్ణి గదా. పాపం, వీటినెందుకు చంపేది?"

"మరి నాయుడుపేట?"

"అదేమన్నా సముద్రం అవతల ఉండాదా? పొద్దున పోయి, సాయంత్రానికి ఈడ బస్సు దిగుతాను. కానీ నువ్వు రమ్మంటేనే."

గోదా కళ్లు తుడుచుకుంది.

"రా," అంది. "రోజూ రా."