ఎండు నోళ్ళ పార్కు

"మీ అమ్మ గొంతు ఎండగట్టింది రోగం కాదు, మీరు! మీరూ, మీ సంఘమూ!"

అద్దం ముందున్న మనిషి చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఊరి సంఘం ప్రెసిడెంటు మీద సొంత ఇంట్లో గొంతు లేవడం అదే మొదలు. అదీ భార్య గొంతు.

ఆ పొద్దు మామూలుగానే తెల్లారింది. టీ కాగింది. పార్కుకు ఏడాది నిండిందని సభ పెట్టారు. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెప్పబోయే మాటలు అద్దానికి అప్పజెబుతున్నాడు. వీధి దీపాల కోసం, పిల్లలు ఆడుకునే చోటు కోసం, కాస్త పచ్చదనం కోసం ఆఫీసుల గుమ్మాలు అరిగేలా తిరిగిన మాట నిజమే. చెత్త పోసే బీడును పార్కు చేయించిన మాటా నిజమే. రాత్రుళ్ళు కుట్టు మిషను ముందు కూర్చుని సంఘం పట్టుకు తిరిగిన బ్యానర్లకు అంచులు కుట్టింది భార్య.

కానీ ఊరి కోసం తిరిగే మనిషి కంటికి నడిమి గదిలో మంచం ఆనలేదు. తల్లిని నిన్ననే ఆసుపత్రి నుంచి తెచ్చారు. అంతకుముందొక సాయంత్రం పార్కు బెంచీ మీద కూర్చున్నదల్లా పక్కకి ఒరిగిపోయింది. "ఒంట్లో నీరే లేదు, మూత్రంలో ఇన్ఫెక్షను. ఈవిడ నీళ్ళు తాగదా?" అని డాక్టరు కోప్పడ్డాడు. తాగదని చెప్పారు. ఎందుకు తాగదో ఎవరూ అడగలేదు.

పార్కు కట్టిన మేస్త్రీ సభ దగ్గర మెట్లు సరిచేయడానికి పోతూ, పార భుజాన పెట్టుకుని పెద్దావిడను పలకరించడానికి వచ్చాడు. గడప దగ్గర భార్య ఎదురైంది.

"ఎలా ఉంది వదినా పెద్దమ్మకి?"

"ఏముంది, నీళ్ళు ముట్టదు. అంతా మొండితనం."

"మొండితనమేంటి వదినా, మా ఆవిడా అంతే. పార్కుకి పోయే రోజు మధ్యాహ్నం నుంచే నీళ్ళు బంద్. అక్కడ ఆడవాళ్ళకి అవసరం పడితే ఎక్కడికి పోతారు? పార్కు ఊరికి ఆ చివర, మీ ఇల్లు చూస్తే ఈ చివర. ఆ గుంట పూడ్చకుండా ఉంటే ఈ బాధ ఉండేది కాదు."

"ఏ గుంట?"

"అదే, మరుగుదొడ్డికి తవ్వాం కదా. నేనే తవ్వా, నేనే పూడ్చా."

"దాన్ని ఆఫీసువాళ్ళు ఆపేశారుగా!"

మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు. "ఆఫీసువాళ్ళెవరు వదినా... అన్నే పూడ్చమన్నాడు. మీ ఖాళీ స్థలం పక్కనే పడుతుందని." ఆమె ముఖం చూశాక అతను అక్కడ నిలబడలేదు. గడప పక్కన ఆనించిన పార అక్కడే వదిలేసి జారుకున్నాడు.

ఆమె నేరుగా అద్దం దగ్గరికి వచ్చి ఆ మాట అంది.

"మెల్లగా! అమ్మ వింటుంది."

"వినాలి!"

"ఏం, నా ఒక్కడి కోసమా? మన స్థలంలో షాపు గదులు వేద్దామని నువ్వూ ఊఁ అన్నావుగా. దొడ్డి పక్కన షాపు ఎవడు తీసుకుంటాడు? పోనీ వేరే చోటు చూపించమన్నా. టీచరు తన గోడ పక్కన వద్దన్నాడు. మందుల షాపాయన వద్దన్నాడు. మధ్యలో నేనొక్కణ్ణే పాపాత్ముణ్ణా?"

"అర్జీ మీద సంతకాలు పెట్టేటప్పుడు అందరికీ కావాలి. గోడ దగ్గరికొచ్చేసరికి అందరికీ ముక్కులు మొలిచాయి!"

"కాస్త ఓపిక పడితే ఇంకో చోట..."

"మీకేం, ఎంతైనా ఓపిక పడతారు. చెట్టు చాటుంది. పార్కులో అన్ని చెట్లు నాటించింది అందుకేనేమో!"

"నోర్ముయ్!"

"ఏడాదిగా మూసుకునే ఉన్నాం. ఆడవాళ్ళం అందరం."

నడిమి గదిలోంచి దగ్గు వినిపించింది. "ఒరేయ్, ఇలా రా."

అతను వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు. తల్లి పెదాలు పగిలి ఉన్నాయి.

"ఆ బెంచీ అంటే నాకు ప్రాణంరా. నా కొడుకు వేయించింది. అక్కడ నలుగురితో కూర్చుంటే ఒళ్ళు నొప్పులు గుర్తొచ్చేవి కావు. అందుకే అన్నం తిన్నాక గ్లాసు ముట్టేదాన్ని కాదు. అక్కడికొచ్చే ఆడవాళ్ళదంతా అదే పని. నాలుక అంగిట్లో అతుక్కుపోతుంటే కబుర్లు చెప్పుకునేవాళ్ళం."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"సిగ్గేసిందిరా. ఊరంతా నిన్ను మెచ్చుకుంటుంటే కన్నతల్లే వంక పెట్టడం ఏం బాగుంటుంది? నీ తప్పేముంది, ఆఫీసువాళ్ళు పాపిష్టివాళ్ళు అనుకున్నా. నోరు ఎండినప్పుడల్లా వాళ్ళనే తిట్టుకున్నా. మీ ఇళ్ళలో ఆడవాళ్ళు లేరట్రా అని." ఆగింది. "ఏడాదిగా నేను తిట్టింది నిన్నన్నమాట."

అతను కూజాలోంచి గ్లాసులో నీళ్ళు వంచాడు. గ్లాసు తల్లి నోటి దగ్గర పెట్టాడు. కళ్ళలోంచి కారేది తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"తప్పయిపోయిందమ్మా. తాగు."

ఆమె ముఖం తిప్పుకుంది.

"ఆ స్థలం నీ తండ్రి నా పేరున కొన్నది. పక్కన కాదు, అందులోనే కట్టు. ముందు గుంట తవ్వు. తర్వాత తాగుతా."

"డాక్టరు తాగమన్నాడమ్మా..."

"ఏడాది ఎండబెట్టుకున్న నోరు, కాసేపు ఆగలేదా?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె గ్లాసు అందుకోలేదు, ఓదార్చలేదు. గడప పక్కనున్న పార తెచ్చి అతని చేతికిచ్చింది.

"వస్తాను, చొక్కా మార్చుకుని..."

"వద్దు," అంది తల్లి మంచం మీంచి. "సభకొచ్చిన వాళ్ళంతా చూడాలి. ఆ చొక్కాతోనే తవ్వు. నడు!"