వదినగారిని అంటగట్టిన ప్రోగ్రాం

"ఏవండీ, మీరేనా నాకు పెళ్ళి చేసింది?"

పద్మిని తలెత్తింది. గుమ్మంలో డాక్టర్ రామమోహన్. కోటు నిండా బర్మింగ్‌హామ్ వాన, ముక్కు మీద కోపం. కంప్యూటరంటే గదంత బీరువా అయిన ఆ రోజుల్లో, ఆసుపత్రిలో దాని దగ్గరికి చెప్పులతో రావడానికే జనం భయపడేవాళ్ళు. ఇతను నీళ్ళు కార్చుకుంటూ వచ్చాడు.

"పెళ్ళైనవాళ్ళకి మళ్ళీ నేనెందుకు చేస్తానండీ?" అంది పుల్లవిరుపుగా, కంప్యూటర్‌కి తినిపించే చిల్లుల పంచ్ కార్డులు సర్దుకుంటూ.

మొన్నమొన్నటిదాకా క్యాంటీన్‌లో ఇతను పలకరిస్తే ఈ పిల్ల టీలో పంచదార మర్చిపోయేది. స్టాఫ్ రికార్డుల్లో ఇతని పేరు పక్కన భార్య, పిల్లలు కనబడ్డారు. అంతే, ఆ దారిన నడవడమే మానేసింది.

"నాకు పెళ్ళేమిటండీ! హాస్టల్ గది ఖాళీ చేసి ఫ్యామిలీ ఫ్లాట్‌కి మారమంటున్నారు. ఎవరి ఫ్లాటయ్యా అంటే మా అన్నయ్యది! నా భార్య సరోజట. ఆవిడ మా వదినండీ బాబూ! అన్నయ్య రాజమోహన్ ఇక్కడే సర్జన్. వాడి పేరేమో రికార్డుల్లో గల్లంతు!"

పద్మిని చేతిలోని కార్డులు బల్ల మీద పెట్టేసింది. రికార్డుల్లో పేర్లు సరిచూసే ప్రోగ్రాం రాసింది తనే. ఒక పేరుని ఇంకో పేరుగా మార్చాలంటే ఎన్ని అక్షరాలు దిద్దాలో అది లెక్కేస్తుంది. ఒకటో రెండో అయితే టైపిస్టు పొరపాటనుకుని ఇద్దర్నీ ఒకే మనిషిగా కలిపేస్తుంది. దొరల పేర్లతో భేషుగ్గా పనిచేసింది. మనవాళ్ళ దగ్గరే పప్పులో కాలేసింది. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. ఇంగ్లీషులో రామమోహన్‌కీ రాజమోహన్‌కీ ఒక్క అక్షరమే తేడా. అన్నదమ్ములకి జోడెడ్లలా జంట పేర్లు పెడతారన్న సంగతి, తెలుగు పిల్లై ఉండీ మర్చిపోయింది!

"అయ్యో! అయితే మీకు పెళ్ళి కాలేదా?"

"కాకపోతే అంత సంతోషమా? పళ్ళన్నీ కనబడుతున్నాయి."

"పుట్టినరోజులు కూడా పోల్చేలా ప్రోగ్రాంని రేపే దిద్దుతాను," అంది మూతి బిగించి. నవ్వు ఆగితేనా!

రామమోహన్ గొంతు తగ్గింది. "మీరు మొహం తిప్పుకుంటున్నారనే గ్లాస్గోలో ఉద్యోగం చూసుకున్నాను. రేపు జవాబు చెప్పాలి. నాకు వెళ్ళాలని లేదు పద్మినిగారూ. మీరు ఉండమంటే ఉంటాను."

పద్మిని కోటు తొడుక్కుంది. "పదండి. ముందు మీ వదినగారికి సారీ చెప్పాలి."

"మరి నా జవాబు?"

"వెళ్ళిపోయే మనిషి ఇంటికి ఇంత వానలో ఎవరొస్తారండీ?"

సరోజ తలుపు తీసి, తడిసి ముద్దైన ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. మరిది ఒక్క గుక్కలో సంగతంతా కక్కేశాడు.

"ఈ పిల్లేనా! రామ్మా లోపలికి," అని పద్మిని చెయ్యి పట్టుకుంది సరోజ. "నా మొగుణ్ణి నాకిచ్చెయ్యి. మా మరిదిని నువ్వు పట్టుకుపో!"