గడ్డిలో చివరి వరస

అత్తగారు పోయాక వచ్చిన మొదటి వేసవి అది. కాయలు మాగబెట్టే పని కోడలి నెత్తిన పడింది.

మెట్ల కింద కిటికీ లేని చిన్న గది. నేలంతా ఎండుగడ్డి, దాని మీద వరసలుగా మామిడికాయలు, పైన మళ్లీ గడ్డి. తొడిమ పక్కన భుజాలు నిండిన కాయలనే ఏరి, సొన ఆరాక పేర్చాలి. తలుపు తీస్తే చాలు, తియ్యగా, వెచ్చగా, కాస్త పులుపు కలిసిన వాసన మొహానికి కొట్టేది.

ఆ ఇంట్లో కాయను వేలితో నొక్కి చూసే అలవాటు లేదు. దీపం పెట్టి చూసేదీ లేదు. అత్తగారికి చూపు పోయి పన్నెండేళ్లు. చీకట్లో మోకాళ్ల మీద జరుగుతూ ఒక్కో కాయనూ తీసి చెంపకు ఆనించుకునేది. మాగే కాయ లోపల్నుంచి వేడెక్కుతుంది కదా, ఆ వేడిని బట్టి కాయతోనే మెల్లగా అనేది. “ఇంకా నాలుగు రోజులు. ఇంకా రెండు. నువ్వు ఇవాళ.” ఇవాళ అన్న పండు ఆ పూటే కోసుకు తినాల్సిందే. ఒక్కసారీ లెక్క తప్పలేదు.

దైవభక్తి గల మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదు. చివరి రెండేళ్లు మంచాన పడితే కోడలే ఎత్తింది, కడిగింది, తినిపించింది. ఆవిడ పోయిన రోజు ఏడవడానికి కూడా ఓపిక లేక గోడకు ఆనుకుని నిద్రపోతే, చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఆ నిద్ర బాకీ కోడలికి ఇంకా తీరనే లేదు.

ఆ రోజు కోడలు తను పనిచేసే ఆసుపత్రిలో దుప్పట్లన్నీ ఇస్త్రీ చేసి, మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరింది. ఏడేళ్ల కూతురు బుజ్జి బడి నుంచి ముందే వచ్చేసి గడప మీద ముడుచుకుని కూర్చుంది. ఒళ్లు కాలిపోతోంది.

“అమ్మా, చలేస్తోంది.”

“మాత్ర వేసుకుని పడుకుందువుగాని, రా.”

“మంచం మీద వద్దు. నానమ్మ గదిలో వెచ్చగా ఉంటుంది.”

“పళ్లన్నీ నువ్వే తినేద్దామనా?”

“నీకు రెండు ఉంచుతాలే.”

వాదించే ఓపిక తల్లికి లేదు. మాత్ర వేసి, చివరి వరస పక్కనే గడ్డి మీద పడుకోబెట్టి, గోనెపట్టా కప్పింది. వెచ్చదనం పోకుండా తలుపు మూసి, తనూ అక్కడే గోడకు చేరగిలబడింది. కాసేపే అనుకుంది. రెప్పలు వాటంతట అవే వాలిపోయాయి.

గడ్డి చప్పుడుకి మెలకువ వచ్చింది.

ఎలుకేమో అనుకుంది. ఎలుక అలా ఆగి ఆగి కదలదు. కాయ ఒకటి పైకి లేచిన అలికిడి. కాసేపు ఏమీ లేదు. మళ్లీ దాన్ని గడ్డిలో పెట్టిన అలికిడి. తర్వాత మోకాళ్లు నేల మీద ఈడ్చుకున్నట్టు...

“ఇంకా మూడు రోజులు.”

గుసగుస. రెండేళ్లు రాత్రీ పగలూ విన్న గొంతు. ముందు ఆమెకు భయం వేయలేదు. మంచినీళ్లు కావాలేమో, లేవాలి కాబోలు అనుకుంది. ఆ తర్వాత గుర్తొచ్చింది, నీళ్లు తాగే మనిషి లేదని.

“ఇంకా రెండు.”

మొదటి వరస అయిపోయింది. రెండోది అవుతోంది. ఆ చివర బుజ్జి ఉంది. ఆ గదిలో దాని ఒళ్లంత వేడిగా ఉన్న కాయ ఒక్కటీ లేదు.

తల్లి అటు తిరిగి చేతుల మీద పాకింది. చెయ్యి వేసిన చోటల్లా కాయలు దొర్లుతున్నాయి.

“నానమ్మా... నీ చెంప చల్లగా ఉంది,” బుజ్జి నిద్రలోనే నవ్వింది.

గడ్డి కదలడం ఆగింది.

“నువ్వు ఇవాళ.”

తల్లి బిడ్డ మీద పడిపోయి రెండు చేతులా చుట్టేసింది.

“అత్తయ్యా, అది పండు కాదు. మీ మనవరాలు. దానికి జ్వరం.”

మనిషి పక్కనే ఉన్నట్టుంది, ఊపిరి మాత్రం తగలడం లేదు. బిడ్డ తన చేతుల్లోంచి జారుతోంది. ఎవరూ గుంజడం లేదు. గడ్డిలోంచి పండును తీసినంత మెత్తగా... మెల్లగా...

“వదలండి అత్తయ్యా. తీసుకెళ్లాలంటే నన్ను చూడండి. నేను ఎప్పుడో అలిసిపోయాను.”

జారడం ఆగింది.

చల్లటి చెంప ఒకటి వచ్చి ఆమె చెంపకు ఆనింది. ముడతలు తెలుస్తున్నాయి. ఆని అలాగే ఉండిపోయింది. దేవుడు క్షమించాలి, ఆ చల్లదనం ఆమెకు హాయిగా కూడా అనిపించింది.

“ఇంకా...”

భళ్లున తలుపు తెరుచుకుంది. లారీల షెడ్డు నుంచి వచ్చిన భర్త, చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా నిలబడి ఉన్నాడు.

“ఇక్కడున్నారేంటే ఇద్దరూ? ఇల్లంతా వెతుకుతున్నా.”

వెలుతురులో గడ్డి, కాయలు. ఇంకెవరూ లేరు. బుజ్జి ఒళ్లంతా చెమట. జ్వరం పూర్తిగా దిగిపోయింది.

సాయంత్రం బుజ్జి మోచేతుల దాకా రసం కార్చుకుంటూ పండు తింటోంది. తల్లి పక్కన కూర్చుని, భర్తకు వినబడకుండా అడిగింది.

“బుజ్జీ, నానమ్మ నాకు ఎన్ని రోజులంది?”

“నీకు వినిపించలేదా?”

“లేదమ్మా.”

బుజ్జి టెంక చీకడం ఆపి, కాసేపు ఆలోచించింది.

“అయితే నేనూ చెప్పను.”

మర్నాడు పొద్దున్న జడ వేయడానికి ముందు కూర్చోబెట్టుకుంది. బుజ్జి ఒళ్లో రెండు చేతులూ పరుచుకుని చూసుకుంటోంది. కొన్ని వేళ్లు చాచి ఉన్నాయి, కొన్ని ముడిచి ఉన్నాయి. చాచినవాటిలో ఇంకొకటి జాగ్రత్తగా ముడిచింది.

ఎన్ని మిగిలాయో తల్లి లెక్కపెట్టేలోపే, చేతులు రెండూ గౌను జేబుల్లో దాచేసుకుంది.

“తొందరగా వెయ్యమ్మా,” అంది.