సున్నా దగ్గర నిలవని ముల్లు

ఆ గదిలో ప్లగ్గు పీకినా కరెంటు చావదు అనేవాళ్ళు.

చెవులాయన ఇంటి అడుగున, పదకొండు మెట్లు దిగితే వచ్చే గది అది. కిటికీ లేదు. గోడలకి చెక్క పలకలు, కింద మడమ మునిగే తివాచీ, నడుమ రాతిబండ మీద ట్రంకు పెట్టెంత ఆంప్లిఫయర్. గాజు ట్యూబులతో నడిచే పాతకాలపు సరుకు. వెలిగిస్తే నాలుగు పెద్ద ట్యూబులూ నిప్పుకణికల్లా ఎర్రబడతాయి. ఆ ఎరుపులో ఒక్కడే కూర్చుని ఆయన పాటలు వింటాడు. తన చెవులకి వినిపించేది లోకంలో ఇంకెవరికీ వినిపించదని ఆయన గట్టి నమ్మకం. అసలు పేరు మరుగునపడి చెవులాయన అనే పేరే మిగిలింది.

ఆ గదిలో ఒక మెకానిక్కు చచ్చిపోయాడు. ప్లగ్గు పీకి, పక్కన పెట్టాక... చచ్చిపోయాడు.

తర్వాత ఇంకొకడు వెళ్ళాడు. వాణ్ణి ఎత్తి గోడకేసి కొట్టినట్టయింది. ఇప్పటికీ కుడిచేత్తో చెంచా పట్టుకోలేడు. మూడోవాడు సంచీ అక్కడే పడేసి మెట్లెక్కి పరిగెత్తాడు. చచ్చినవాడు ఆ ఆంప్లిఫయర్లోనే కూర్చున్నాడట. తను చేసిన పనిలో ఇంకొకడు వేలు పెడితే ఓర్చుకోడట.

ఈ మాట మొదట ఎవరి నోట పుట్టిందో ఎవరూ అడగలేదు. అడగరు. దెయ్యం కథ వింటే వణకాలి గానీ ప్రశ్నించకూడదని మనకి ఉగ్గుపాలతోనే పోస్తారు కదా!

ఆ చచ్చిపోయినవాడి కూతురే ఒక రాత్రి ఆ మెట్లు దిగింది.

ఆమెని అందరూ ట్యూబులమ్మాయి అంటారు. తండ్రి దగ్గరే పని నేర్చుకుంది. మిగతా పిల్లలు బొమ్మలతో ఆడుకునే వయసులో ఆమె సోల్డరింగ్ పొగ పీల్చింది. తండ్రి చెప్పిన మొదటి పాఠం ఒక్కటే — "ప్లగ్గు పీకితే కరెంటు పోయిందనుకోకు. కెపాసిటర్లు దాన్ని కుండలో నీళ్ళలా దాచుకుంటాయి. ఐదొందల వోల్టులు. ముందు తీగేసి ఖాళీ చెయ్యి. మీటర్ మీద సున్నా చూడు. అప్పుడు ముట్టుకో. ఎడమచెయ్యి మాత్రం జేబులోంచి తియ్యకు, రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెలోంచి పోతుంది."

ఆయన చచ్చిపోయాక పోలీసులు కాగితం మీద రాసింది కూడా ఒక్కటే ముక్క — నిల్వ కరెంటు తీయకుండా చెయ్యి పెట్టిన నిర్లక్ష్యం.

ముప్ఫై ఏళ్ళ పని. ఒక్క ముక్క.

ఆ ముక్క వీధి వీధీ తిరిగింది. "తండ్రికే సున్నా చూడ్డం రాలేదు, కూతురికేం వస్తుంది?" అన్నారు. షాపుకి వచ్చే ఆంప్లిఫయర్లు ఆగిపోయాయి. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. రాత్రిళ్ళు నిద్రపట్టక పడుకున్నప్పుడు — నాన్న నిజంగానే మరిచిపోయాడేమో అని ఆమెకీ అనిపించడం మొదలైంది. ఒక్కసారి... అలసిపోయి...

అలాంటి రోజుల్లో చెవులాయన కబురు పెట్టాడు. మర్నాడు పొద్దున్నే మిత్రబృందం పాటలు వినడానికి వస్తోంది. ఎడమ స్పీకర్లో గుర్రుమని ఒకటే రొద. ఎవర్ని పిలిచినా రానంటున్నారు.

"నువ్వయితే వస్తావనుకున్నా. మీవాడే కదా లోపల," అన్నాడు గుమ్మంలో నిలబడి. నవ్వాడు కూడా.

ఆమె నవ్వలేదు.

వాచ్‌మన్ టార్చి పట్టుకుని మెట్ల దాకా వచ్చాడు. ముసలాయన. అక్కడే ఆగిపోయాడు.

"నేను దిగను తల్లీ."

"ఎందుకు బాబాయ్, మా నాన్నేగా? టీ ఇచ్చేవాడివి కదా ఆయనకి."

"టీ తాగే నాన్న వేరు..." గొంతు తగ్గించాడు. "ఆ రోజు ప్లగ్గు నా చేత్తో పీకాను. ఆయనే పీకమన్నాడు. ఇదిగో, ఈ చేత్తో. నిమిషం తిరగలేదు, పోయాడు."

"నిమిషమా?"

"ఒక నిమిషం... కాస్త అటూ ఇటూ."

ఆమె దిగింది. ముందు ఆంప్లిఫయర్ ఆన్ చేసి విన్నది. గుర్రు నిజమే, ఎడమ పక్క. ఆపింది. ప్లగ్గు పీకి, తన బూటు కింద తొక్కిపెట్టింది. ట్యూబుల ఎరుపు మెల్లమెల్లగా నల్లబడింది. గది చీకటైంది, బల్లదీపం మాత్రం మిగిలింది.

అడుగు పలక విప్పింది. ఎడమచెయ్యి జేబులో. కుడిచేత్తో తీగ క్లిప్పు కెపాసిటర్‌కి తగిలించింది. టప్‌మని నీలం రవ్వ. కాసేపాగి తీగ తీసింది. మీటర్ తగిలించి చూసింది. ముల్లు సున్నా మీద పడుకుని ఉంది.

ఇక్కడే ప్రతి మెకానిక్కూ మీటర్ తీసేస్తాడు. ఉండేది ఒకటే, దాంతోనే మిగతావన్నీ కొలవాలి. ఆమె రెండు తెచ్చింది. తెలివితో కాదు, భయంతో. మొదటిదాన్ని అలాగే వదిలేసి రెండోదాని కోసం సంచీలో చెయ్యి పెట్టింది.

వెతుకుతూ ఓరకంట చూసింది.

ముల్లు కదిలింది.

పది... ముప్ఫై... డెబ్భై...

ప్లగ్గు తన బూటు కిందే ఉంది. కాలెత్తి చూసుకుంది. ఉంది!

నూట ఇరవై... నూట ఎనభై... ఎవరో లోపల కూర్చుని నింపాదిగా ఊపిరి పీలుస్తున్నట్టు... రెండొందల అరవై...

"నాన్నా," అంది. అనాలని అనలేదు. "నాన్నా, నేనే..."

ముల్లు వినలేదు. మూడొందల పది. మూడొందల యాభై.

ఆమె గోడకి ఆనుకుని నిలబడిపోయింది. పరిగెడదామనుకుంది. కాళ్ళు రాలేదు, అందుకే చూస్తూ ఉండిపోయింది. చూడగా చూడగా భయంలోంచి ఇంకేదో తలెత్తింది. ముల్లు ముందు గబగబా ఎక్కి, పైకి వెళ్ళేకొద్దీ నిదానిస్తోంది. కోపంతో వచ్చేవాడు అలా రాడు. పెద్ద తొట్టిలోంచి సన్నపు గొట్టంలో చిన్న కుండలోకి నీళ్ళు దిగితే అలా వస్తాయి. కుండ ఇది. మరి తొట్టెక్కడ?

సంచీలోంచి టార్చి తీసి, నోట కరుచుకుని లోపలికి వంగింది. కెపాసిటర్ దగ్గర్నించి ఒక నల్లతీగ. నాన్న కట్టిన తీగ కాదు, నాన్న కట్టు ఆమెకి తెలుసు. తీగ రాతిబండ వెనక్కి దిగింది, తివాచీ కిందకి దూరింది, గోడ దాకా పాకింది. అక్కడ చెక్క పలకకి నాలుగు స్క్రూలు.

పలక వెనక సూట్‌కేసంత డబ్బా. డబ్బానిండా బారులు తీరిన పెద్ద పెద్ద కెపాసిటర్లు, తీగ మొదట్లో సన్నపు గొట్టం పని చేసే ఒక లావుపాటి రెసిస్టర్. లోపలివి ఖాళీ చేస్తే, ఈ డబ్బా దాని గుండా వాటిని మళ్ళీ నింపుతుంది. నిమిషం. కాస్త అటూ ఇటూ. డబ్బా మూత మీద చెవులాయన అక్షరాలు, ఒక తేదీ. నాన్న పోవడానికి నలభై రోజుల ముందుది.

నాన్న ఖాళీ చేశాడు. సున్నా చూశాడు. మీటర్ తీశాడు. ముట్టుకున్నాడు.

మరిచిపోలేదు. ఏదీ మరిచిపోలేదు!

ఆమె అక్కడే తివాచీ మీద కూలబడి, చప్పుడు రాకుండా మోచేతిలో మొహం పెట్టి ఏడ్చింది. తర్వాత లేచి పలక యథాప్రకారం బిగించింది. డబ్బా ఉందని రుజువైంది. అది మనిషిని చంపుతుందని ఆయనకి తెలుసో లేదో తేలలేదు. తెలియక చంపినవాడు వేరు.

"అయిపోయింది సార్," అని కేకేసింది. "బాబాయ్, నువ్వూ రా. దీపం పట్టుకోవాలి."

చెవులాయన చెప్పులు టపటపలాడిస్తూ దిగాడు. వెనకే వాచ్‌మన్, ఒక్కో మెట్టూ లెక్కపెడుతున్నట్టు.

"మీ నాన్న ఏమన్నాడు?" అన్నాడు చెవులాయన.

"పని చూసుకోమన్నాడు సార్." ఆమె తీగ తగిలించింది. టప్‌మంది. తీసింది. మీటర్ తగిలించి ఆయన వైపు తిప్పింది. "సున్నా. చూశారుగా?"

"చూశా."

మీటర్ తీసేసింది. "ఈ అతుకు వదులైంది. నేనిటు పట్టుకుంటా, మీరు వేలితో నొక్కితే చాలు, గుర్రు పోతుంది."

ఆయన కదల్లేదు.

"ప్లగ్గు పీకాను సార్. ఖాళీ చేశాను. మా నాన్న చెయ్యలేదన్నారే, అదంతా మీ కళ్ళముందే చేశాను. ఇంకేం భయం? దెయ్యాన్ని మీరు నమ్మరుగా?"

"నాకెందుకీ పనులు? వాడు నొక్కుతాడు." చెవులాయన వాచ్‌మన్ వైపు గడ్డం చూపించాడు.

వాచ్‌మన్ ఒకసారి ఆమె మొహం చూశాడు. ఏం కనిపించిందో ఏమో, దీపం కింద పెట్టేసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "తమరే నొక్కండి బాబూ," అన్నాడు.

చెవులాయన ఆంప్లిఫయర్ వైపు చూడటంలేదు. ఆమె వైపూ కాదు. గోడ వైపు చూస్తున్నాడు. సరిగ్గా ఆ నాలుగు స్క్రూల వైపు.

"సరే, నేనే నొక్కుతా," అని ఆమె చెయ్యి చాచింది. నెమ్మదిగా. వేలికీ అతుక్కీ మధ్య జానెడు... బెత్తెడు...

చెవులాయన నోరు విప్పలేదు. ఒకడుగు వెనక్కి వేశాడు. అంతే. ఆపలేదు.

ఆమె చెయ్యి ఆపేసింది. మీటర్ తీసి మళ్ళీ తగిలించింది. మూడొందల నలభై.

"నన్నూ చంపేసేవాళ్ళే," అంది.

వాచ్‌మన్‌కి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. ముల్లు చూశాడు, యజమాని చూపు ఎటుందో చూశాడు, వెళ్ళి పలక మీద చెయ్యి వేశాడు. "దీని వెనకేనా తల్లీ?"

"దాని జోలికి వెళ్ళకు!" చెవులాయన అరిచాడు. ఆ రాత్రి ఆయన గొంతు లేవడం అదే మొదలు. "అది తీస్తే బేస్ పోతుంది! మొత్తం సౌండే చచ్చిపోతుంది!"

గది ఆ అరుపుని మింగేసింది. చెక్క పలకలు, తివాచీ. అందుకే కట్టిన గది.

ఆమె జేబులోంచి ఫోను తీసి, పోలీసుల నంబరు నొక్కబోతూ ఆగింది.

"ఒక్కటి చెప్పండి సార్. ఇది పెట్టినట్టు మా నాన్నకి చెప్పారా?"

చెవులాయన ఆమెని వింతగా చూశాడు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

"చెబితే తీసేయమనేవాడు కదమ్మా," అన్నాడు.

వాచ్‌మన్ వెళ్ళి మెట్లకి అడ్డంగా కూర్చున్నాడు.